బీట్ అదిరితే చాలా? ట్రాప్, డ్రిల్ పాటల్లో మాటల సంగతేంటి?

పదాలపిచ్చి:
అట్లాంటా ట్రాప్, షికాగో డ్రిల్ అనే ర్యాప్ రకాల గురించి అడుగుతున్నా. బీట్ మొదలైతే తల దానంతటదే ఊగుతుంది, కాదనలేం. మాటలు విడిగా రాసుకుంటే మాత్రం డబ్బు, గన్ను, మాత్రలు, ఎవడు చస్తే నాకేంటి. అంతే. "వైబ్ చూడు, లిరిక్ ఎందుకు" అన్న వాదన నిలుస్తుందా? దేన్ని బట్టి తేల్చాలి? బీట్లు కట్టేవాళ్లు, రాసేవాళ్లు చెప్పండి.

తాళంచెవి:
ముందు బీట్ ఏం చేస్తోందో చూడాలండీ. ట్రాప్ ఎక్కువగా 130 నుంచి 150 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య ఉంటుంది. చప్పట్లాంటి క్లాప్ నాలుగు దెబ్బల బార్‌లో మూడో దెబ్బ మీద ఒక్కసారే పడుతుంది కాబట్టి చెవికి సగం వేగంలా వినిపిస్తుంది. అడుగున 808 ఉంటుంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్‌లోని కిక్‌ని సాగదీసి, పాట శ్రుతికి కలిపి బేస్‌లా వాయిస్తారు. పైన హై-హ్యాట్లు (తాళాల్లాంటి సన్నని మోత) గలగలా చీలుతుంటాయి. నడుమ బోలెడు ఖాళీ. అది గొంతు కోసం వదిలిన చోటు.

అట్లాంటా ర్యాప్ బృందం మీగోస్ 2013లో 'వెర్సాచి' (ఒక ఫ్యాషన్ బ్రాండ్ పేరు) పాటతో జనంలోకి తెచ్చిన నడక చూడండి. (మెంఫిస్ వాళ్లు తొంభైల్లోనే అలా పాడారు.) మనకు తెలిసిన తిశ్రమే అది, దెబ్బకు మూడు అక్షరాలు. వెర్-సా-చి, త-కి-ట. హుక్‌లో, అంటే తిరిగి తిరిగి వచ్చే పల్లవిలో, ఆ మాట అన్నిసార్లు తిరగడం అర్థం కోసం కాదు, దరువు కోసం. కూచిపూడి జతికి అర్థమేంటని అడగం కదా. దాన్ని బలహీనమైన లిరిక్ అనడం అన్యాయం.

తేడా కొట్టేది చరణంలో. అదే తిశ్రం పదహారు బార్లూ మారకుండా నడిచి, ప్రతి లైనూ ఒకే మాట మీద ఆగితే అది బద్ధకమే. దీనికి వ్యాపార కారణం కూడా ఉంది. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక ప్లే లెక్క. 140 బీపీఎంలో ఎనిమిది బార్లకు 14 సెకన్లు కూడా పట్టవు, కాబట్టి ఆ 30 సెకన్లలోనే వినబడేలా హుక్‌ని ముందుకు లాగి పని అంతా దాని మీదే పెడతారు.

పరీక్ష ఇలా చేయండి. ఫోన్ స్పీకర్లో వినండి. ఎఫ్ శ్రుతిలో 808 దాదాపు 44 హెర్ట్జ్, అంత చిన్న స్పీకర్ దాన్ని పలకలేదు, గుండె మీద పడే దెబ్బ పోతుంది. తర్వాత గొంతు మాత్రమే విడదీసి వినండి. చివరికి పదహారు బార్లు కాగితం మీద పెట్టి, లైను చివరి మాటల కింద గీత గీయండి. గీతలన్నీ ఒకే మాట కింద పడ్డాయంటే తెలిసిపోతుంది.

అంత్యప్రాస:
మీ ప్రశ్నలో రెండు నేరాలు కలిసిపోయాయి. మాట బలహీనంగా ఉండటం వేరు, చీకటిగా ఉండటం వేరు. న్యూయార్క్ ర్యాప్ జోడీ మాబ్ డీప్ 1995లో చేసిన 'షుక్ వన్స్ పార్ట్ 2'లో ఆశ అన్నది మచ్చుకైనా లేదు. కానీ పంతొమ్మిదేళ్లకే మనసు ముసలిదైపోయిందని ఆ జోడీలోని ప్రాడిజీ చెప్పే చోట ఆ చీకటికి ఒక మూల్యం కనబడుతుంది. ప్రాస కూడా లైను చివరే కాదు, లోపల్లోపల అల్లుకుని ఉంటుంది.

ఇప్పుడు ట్రాప్ ర్యాపర్ ఫ్యూచర్ 'మాస్క్ ఆఫ్' (2017) తీసుకోండి. బీట్ కట్టిన మెట్రో బూమిన్ అందులో వాడిన వేణువు పౌరహక్కుల ఉద్యమం మీద వచ్చిన 'సెల్మా' అనే సంగీత నాటకంలోని పాట నుంచి తీసింది, రాసింది టామీ బట్లర్. అంత బరువున్న రాగం మీద హుక్‌లో వచ్చేది మాత్రల పేర్లు. ర్యాపర్ జూస్ వరల్డ్ 2019 డిసెంబరులో, 21 నిండిన వారానికే, ఆక్సికోడోన్, కోడీన్ అనే నొప్పి మందులు ఎక్కువై చనిపోయాడు. ఏ పాటా అతన్ని చంపిందని అనను. కానీ ఆ పేర్లు వట్టి దరువు అక్షరాలని మాత్రం ఒప్పుకోను.

తాళంచెవి:
మాత్రల దగ్గర మీ మాటే సరి. వెర్సాచికి చెప్పిన తకిట వాదన 'మాస్క్ ఆఫ్' హుక్‌లోని పెర్కొసెట్ అనే నొప్పి మాత్రకి పనికిరాదు.

గల్లీమైకు:
డ్రిల్‌ని అదే కాటాలో తూచకండి. 'ఐ డోంట్ లైక్' 2012లో వచ్చినప్పుడు దాన్ని పాడిన షికాగో ర్యాపర్ చీఫ్ కీఫ్‌కి పదహారేళ్లు. నచ్చనివాటి జాబితా తప్ప అందులో ఏమీ లేదంటారు, నిజమే. పదహారేళ్ల కుర్రాడి దగ్గర అంతకుమించి మాట లేకపోవడమే నన్ను కలవరపెడుతుంది. ఇంకొకటి, చీకటి మాటల్ని నేర ఒప్పుకోలుగా చదివే అలవాటు ప్రమాదం. అమెరికా కోర్టుల్లో ర్యాప్ లిరిక్స్‌ని సాక్ష్యంగా పెడుతున్నారు. దానికి కళ్లెం వేస్తూ కాలిఫోర్నియా 2022లో చట్టమే చేసింది.

పదాలపిచ్చి:
మరి బీట్ మంచి మాటని మింగేసిన పాట ఉందా?

అంత్యప్రాస:
కెండ్రిక్ లమార్ 'స్విమ్మింగ్ పూల్స్' (2012). తాగుడు ఊబి మీద పాట. రెండో చరణంలో అంతరాత్మే గొంతు మార్చి అతన్ని హెచ్చరిస్తుంది. హుక్ మాత్రం గ్లాసు ఎత్తమన్నట్టే ఉంటుంది, పార్టీల్లో దానికే ఎగురుతారు. ఆ రెండో చరణం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి.