బొటనవేలంత మనిషి సీను ఫోన్‌తో తీయడం ఎలా?

మాది నెల్లూరు. ఇంట్లోవాళ్లమే కలిసి పిల్లల కోసం ఒక కామెడీ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. గ్రహాంతరవాసులు మైపాడు బీచ్‌లో దిగి మా బాబాయిని బొటనవేలంత చేసేస్తారు. ఆయన మలైకాజా పక్కన నిలబడి కేకలు పెట్టాలి. బడ్జెట్ అంటారా, టిఫిన్ ఖర్చులే.

గ్రాఫిక్స్ మాకు రావు. అందుకే కాజాను కెమెరాకి దగ్గరగా పెట్టి, బాబాయిని దూరంగా నిలబెట్టి తీశాం. సైజు భలే కుదిరింది కానీ, ఫోన్ ఒకదాని మీదే ఫోకస్ పెడుతోంది, రెండోది మసక. మంచి ఎండలో వైడ్ లెన్స్‌తో, కాజాను కాస్త వెనక్కి జరిపి తీస్తే రెండూ స్పష్టంగా వస్తాయా? లేక ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి, రెండు షాట్లు విడివిడిగా తీసి ఎడిటింగ్‌లో కలపాలా? ఉచిత యాప్ ఏదైనా ఉంటే చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ రంగు తీసేయడానికి వెనకాల ఆకుపచ్చ గుడ్డ కట్టమని మాత్రం అనకండి, బాబాయి చొక్కా కూడా ఆకుపచ్చదే, అదీ మాయమైపోతుంది, మార్చుకోమంటే మార్చనంటున్నారు.