ఆపరేషన్ తర్వాత మా మగపిల్లి లిట్టర్ బాక్స్ (ఉచ్చ, దొడ్డికి పెట్టే ఇసుక డబ్బా) ముట్టడం లేదు, ఏం చేయాలి?

మాది తిరుపతి, మా పిల్లికి పోయిన నెల ఉచ్చ బ్లాక్ అయితే డాక్టర్ మత్తిచ్చి క్యాథెటర్ (సన్న గొట్టం) వేసి తీసినారు, స్ట్రువైట్ క్రిస్టల్స్ (ఉచ్చలో కట్టే సన్న పలుకులు) అన్నారు. ఇప్పుడు ఉచ్చ వస్తా ఉంది గానీ బాక్స్ దగ్గరికే పోదు, బాత్రూంలో, ఇంకా మా అమ్మ మడి బట్టల మీద పోస్తాది (రోజూ గొడవే). అప్పటి నొప్పి గుర్తుండి బాక్స్ అంటే భయమా, లేక మళ్లీ బ్లాక్ మొదలైందా, ఎట్ల కనుక్కోవాలన్నా? మగపిల్లులకి మూత్రనాళం సన్నం, పూర్తిగా ఆగిపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తాదంట, అందుకే నిద్ర పట్టట్లేదు. లిట్టర్ మార్చాలా, ఇంకో బాక్స్ వేరేచోట పెట్టాలా? నీళ్లు అసలు తాగదు, డ్రై ఫుడ్ నుంచి వెట్ ఫుడ్‌కి మార్చినోళ్లు ఎట్ల అలవాటు చేసినారు? రాత్రిపూట వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ చూస్తారా, తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్