స్విఫ్ట్ పెట్రోల్ బండికి టర్బో పెట్టించొచ్చా?

ప్రశ్న (హన్మకొండ):
అన్నలకు నమస్తే. నాది 2014 స్విఫ్ట్, 1.2 లీటర్ పెట్రోల్. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకోసారి ఆదిలాబాద్ పోయి వస్తాను. నలుగురం ఎక్కి ఏసీ వేస్తే, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లో సెకండ్ గేర్‌కు దిగక తప్పట్లేదు. మొన్న మా బావమరిది కొత్త టర్బో బండి నడిపిన, అప్పటి నుంచి మనసంతా దాని మీదే. ఒకాయన సెకండ్ హ్యాండ్ టర్బో తెచ్చి లక్షన్నరలో బిగిస్తా అంటున్నాడు. పెట్టించాలా?

జవాబు (కాజీపేట, ఇంజిన్ పని చేసేవాణ్ని):
తమ్మీ, టర్బో బిగించడం పెద్ద పని కాదు. దాని వెనక వచ్చే పనులే పెద్దవి.

సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు ఇంకో చివర ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర. నీ ఇంజిన్‌లో ఆ ఆయిల్‌కు దారే లేదు. ప్రెషర్ ఆయిల్ తెచ్చే సన్న పైపు ఒకటి, వాడిన ఆయిల్ కిందికి జారిపోయే లావు పైపు ఒకటి వేయాలి. రెండో దాని కోసం చాంబర్‌కు, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టికి, రంధ్రం పెట్టాలి. ఆ పైపు వాలు సరిగా లేకుంటే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీలు దాటి పొగ మొదలవుతుంది. మన దగ్గర టర్బో పాడైంది అని మార్చేసినవాటిలో కొన్నిటికి అసలు జబ్బు ఈ పైపే.

ఇక గాలి సంగతి. 0.4 బార్ బూస్ట్ (మామూలు గాలి పీడనం మీద అదనపు నొక్కుడు) ఇస్తే గాలి ఇంచుమించు 40 శాతం ఎక్కువ పోతుంది. దానికి తగ్గ పెట్రోల్ పోయాలి కదా? నీ బండిలో పెట్రోల్ చల్లే ఇంజెక్టర్లు ఆ లెక్కకు చేసినవి కావు. ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ కూడా మామూలు పీడనం దాకే చదువుతుంది, ఆపైన ఎంత తోసినా ఈసీఎంకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) తెలియదు. పెట్రోల్ తక్కువై, నొక్కుడుకు గాలి వేడెక్కి, స్పార్క్ మంట చేరకముందే అక్కడక్కడ దానంతట అదే అంటుకుంటే నాకింగ్. మన మే నెల ఎండలో చెప్పనే అక్కర్లేదు. ఆ దెబ్బలకు పిస్టన్ రింగుల గాడులు విరుగుతాయి.

బలేనో ఆర్ఎస్ అని 2017లో వచ్చింది, 1.0 లీటర్ టర్బో. అందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో చల్లుతారు, అది ఆవిరై లోపలి వేడి తగ్గిస్తుంది. నీ బండిలో చల్లేది సిలిండర్ బయట, గాలి లోపలికి పోయే మానిఫోల్డ్ దగ్గర. కంపెనీ ఇంజిన్‌నే వేరేగా చేసింది తప్ప పాతదానికి టర్బో తగిలించలేదు. ఆ లక్షన్నరలో టర్బో, పైపులు వస్తాయి. ఇంజెక్టర్లు, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ట్యూనింగ్, గట్టి క్లచ్ రావు.

జవాబు (వరంగల్):
డబ్బు ఉన్నా కాగితాల మాట చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది ఇలాంటివే.

జవాబు (కరీంనగర్):
మా దోస్తు ఒకడు పాత హ్యాచ్‌బ్యాక్‌కు పెట్టించిండు. మొదటి నెల విమానం. మూడో నెల టో ట్రక్కు మీద వచ్చింది. బిగించినాయన ఫోన్ ఎత్తలే.

మళ్లీ కాజీపేట:
ఇంకో మాట. ఈ బండికి థర్డ్‌లో ఎక్కే ఘాటే అది. పికప్ మొదటి నుంచీ ఇంతేనా, ఈ మధ్య తగ్గిందా? ఐడ్లింగ్‌లో వణుకుతోందా?

ప్రశ్న అడిగినవాణ్ని:
ఆర్నెల్ల నుంచి తగ్గింది అన్నా. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. ఏసీ వల్లేమో అనుకున్న.

కాజీపేట:
టర్బో పక్కన పెట్టి ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో నొక్కుడు ఎంత వస్తుందో, చూపించు. ఇంజిన్ వేడి మీద నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేయాలి. ఏదైనా సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవమను. పెరిగితే రింగులు, పెరగకుంటే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్.

ప్రశ్న అడిగినవాణ్ని (పది రోజుల తర్వాత):
కంప్రెషన్ మూడు సిలిండర్లలో 180 పీఎస్ఐ దగ్గర, నాలుగో దాంట్లో 130. ఆయిల్ పోసినా అంతే. హెడ్ విప్పితే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంది. వాల్వ్, గాస్కెట్, కూలీ కలిపి 14 వేలు అయింది. నిన్న నలుగురం, ఏసీ, డిక్కీ నిండా సామాను, ఘాట్ మొత్తం థర్డ్‌లోనే ఎక్కింది. టర్బో పిచ్చి మాత్రం తగ్గలేదు అన్నా. బుద్ధి పుట్టినప్పుడల్లా బావమరిది దగ్గర తాళం అడుక్కుంట.