ఒకే రిపాజిటరీలో నాలుగు ‘కస్టమర్’లు: పేర్ల గొడవ ఆపేదెలా?

గడిగీత (ప్రశ్న)
మేం వాడేది స్పార్క్స్ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ (సంస్థ వ్యవస్థల మోడళ్లు గీసే టూల్), ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ మీద ఒకటే రిపాజిటరీ (మోడళ్లన్నీ ఉండే చోటు). మూడు టీములు అందులోనే ఆర్కిమేట్ (సంస్థ నిర్మాణాన్ని బొమ్మల్లో చూపే భాష) మోడళ్లు గీస్తున్నాయి. ‘కస్టమర్’ అని వెతికితే నాలుగు ఎలిమెంట్లు (మోడల్లోని అంశాలు) వస్తున్నాయి: ఒక బిజినెస్ యాక్టర్, ఒక డేటా ఆబ్జెక్ట్, రెండు బిజినెస్ ఆబ్జెక్టులు. ఇంపాక్ట్ రిపోర్టు (ఒకటి మారిస్తే ఇంకేవి ప్రభావితమవుతాయో చూపేది) తీస్తే సగం లింకులు ఒకదానికి, సగం ఇంకోదానికి. పేరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే పేరు రెండోసారి రాకుండా డేటాబేస్‌లో పెట్టే కట్టడి) పెట్టేయొచ్చా? లేక ప్రతి పేరు ముందు టీమ్ కోడ్ తగిలించాలా?

రిపో_కాపలా
ఇండెక్స్ జోలికి పోకండి. ఎలిమెంట్లన్నీ ఉండే టి_ఆబ్జెక్ట్ టేబుల్లో నోట్లు, పోర్టులు, యాక్టివిటీ మొదలు-చివరి నోడ్లు కూడా ఉంటాయి. చాలావాటికి పేరే ఉండదు, ఉన్నా అదే పేరు పదిసార్లు రావడం మామూలే. అసలు ఇప్పుడున్న డేటా మీద ఆ ఇండెక్స్ క్రియేటే కాదు.

టూల్ ఎలిమెంట్‌ని గుర్తుపట్టేది జీయూఐడీతో (ప్రతిదానికీ వేరుగా ఉండే గుర్తింపు కోడ్), పేరుతో కాదు. యాక్టర్, డేటా ఆబ్జెక్ట్ వేర్వేరు రకాలు, పేరు కలిసినా ఇబ్బంది లేదు. తేల్చాల్సింది ఆ రెండు బిజినెస్ ఆబ్జెక్టుల సంగతే. ఒకటి పాలసీ తీసుకున్నవారు, రెండోది క్లెయిమ్ పెట్టినవారు అయితే ‘పాలసీదారు’, ‘క్లెయిమ్‌దారు’ అని పేర్లు మార్చండి. టీమ్ కోడ్ మాత్రం వద్దండి. టీములు అటూ ఇటూ మారిన రోజున ఆ పేర్లన్నీ అబద్ధమైపోతాయి.

లింక్‌లెక్క
డూప్లికేట్లు ఎక్కువగా పుట్టేది రెండు చోట్ల. టూల్‌లోని బ్రౌజర్లో (మోడల్ జాబితాలో) ఉన్నదాన్ని లింక్‌గా డయాగ్రమ్ మీదికి దించకుండా టూల్‌బాక్స్ నుంచి కొత్తది లాగడం ఒకటి. ఎక్స్‌ఎంఐ (మోడళ్లను ఫైలుగా పంపే ఫార్మాట్) ఇంపోర్ట్‌లో ‘స్ట్రిప్ జీయూఐడీస్’ టిక్ పెట్టడం రెండోది. ఆ టిక్ ఉంటే ప్రతి ఎలిమెంట్‌కీ కొత్త జీయూఐడీ వస్తుంది, అంటే ప్యాకేజీ మొత్తానికి జిరాక్స్ తీసినట్టే. టెంప్లేట్లకు తప్ప అది పెట్టకూడదు.

వెతకడానికి టి_ఆబ్జెక్ట్‌లో నేమ్, స్టీరియోటైప్ (ఆర్కిమేట్ రకం) రెండిటి మీదా గ్రూప్ బై చేసి, కౌంట్ ఒకటి దాటినవి తీయండి. ఆబ్జెక్ట్_టైప్ ఒక్కటే చూస్తే మోసపోతారు. బిజినెస్ ఆబ్జెక్ట్, డేటా ఆబ్జెక్ట్ రెండూ లోపల క్లాస్‌గానే ఉంటాయి. ఎక్సెల్ నుంచి వచ్చిన పేర్లలో నాన్-బ్రేకింగ్ స్పేస్ (క్యారెక్టర్ 160) దాక్కుని ఉంటుంది. మామూలు ట్రిమ్‌కి అది పోదు, ముందు రీప్లేస్‌తో మామూలు స్పేస్‌గా మార్చాలి. కంటికి రెండు పేర్లూ ఒకటే, క్వెరీకి కాదు!

గడిగీత
ఆ రెండూ ఒకటేనని తేలింది. ఒకటి డిలీట్ చేస్తే చాలా?

రిపో_కాపలా
అలా చేస్తే దాని కనెక్టర్లూ (వేరే ఎలిమెంట్లతో కలిపే గీతలు) దాంతోపాటే పోతాయి. ముందు డేటాబేస్ బ్యాకప్ తీయండి. ఏదో ఒకటి ఉంచాలి కదా, ఎక్కువ కనెక్టర్లున్నది ఉంచండి. పోవాల్సిన దాని మీద కంట్రోల్-యూ కొడితే అది వాడిన డయాగ్రమ్‌లన్నీ వస్తాయి. ఒక్కోదాంట్లో అసలుదాన్ని లింక్‌గా దించి, కనెక్టర్ కొసను పట్టి దాని మీదికి లాగండి. ఏ డయాగ్రమ్‌లోనూ కనబడని కనెక్టర్లు కూడా ఉంటాయి. ట్రేసబిలిటీ విండో చూడకపోతే అవే జారిపోతాయి. ట్యాగ్డ్ వాల్యూలు (ఎలిమెంట్‌కి మనం అదనంగా చేర్చే వివరాలు), అట్రిబ్యూట్లు, నోట్స్ సరిచూసుకున్నాక కంట్రోల్-డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ కొడితే డయాగ్రమ్‌లోంచి మాత్రమే పోతుంది, ఎలిమెంట్ రిపాజిటరీలోనే ఉంటుంది.

పేరుబడి
ఇకముందు రాకుండా ఉండాలంటే ఉమ్మడి ఎలిమెంట్లను ఒక మాస్టర్ ప్యాకేజీలో పెట్టండి. యూజర్ సెక్యూరిటీ ఆన్ చేసి, ‘రిక్వైర్ యూజర్ లాక్ టు ఎడిట్’ పెట్టి, ఆ ప్యాకేజీకి ఒక గ్రూప్ లాక్ వేస్తే మిగతావాళ్లు దాన్ని చదవగలరు, డయాగ్రమ్‌లలో వాడుకోగలరు, మార్చలేరు. పేరులో వెర్షన్ నంబరు, ఎన్విరాన్‌మెంట్ పెట్టకండి. సీఎండీబీ (ఐటీ వ్యవస్థల వివరాల డేటాబేస్) ఐడీ ఉంటే చాలామంది ఆలియాస్‌లో (మారుపేరు గడి) రాస్తారు. డయాగ్రమ్‌లో ఆలియాస్ చూపించే సెట్టింగ్ ఎవరైనా ఆన్ చేశారా, పేర్లకు బదులు నంబర్లే దర్శనమిస్తాయి. ఆ ఐడీని ట్యాగ్డ్ వాల్యూలో పెట్టుకోండి.