ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బైక్‌ను డి (డ్రైవ్) లో ఉండగానే ఆపేయొచ్చా? వాలులో గేర్లో పెట్టి నిలపడం ఎలా?

కొత్త_డీసీటీ:
సెకండ్ హ్యాండ్‌లో హోండా ఆఫ్రికా ట్విన్ తీసుకున్నాను, 2017లో మన దేశానికి వచ్చిన డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) మోడలే. ఇన్నాళ్లూ మామూలు గేర్ల బండి నడిపినవాణ్ణి. ఎడమ చేతికి క్లచ్ లేదు, ఎడమ కాలికి గేరు లేదు, అదంతా అలవాటైపోయింది గానీ బండి ఆపేటప్పుడే అయోమయంగా ఉంటోంది. ఇంటికి రాగానే డి లో ఉండగానే తాళం తిప్పేస్తున్నాను, లోపల టక్కుమని చప్పుడొస్తోంది. ఇలా చేస్తే గేర్‌బాక్స్ పాడవుతుందా, ముందు ఎన్ (న్యూట్రల్) నొక్కాలా? ఇంకోటి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాకిచ్చిన చోటు ర్యాంప్ పక్కనే, కాస్త వాలు. పాత బండైతే ఫస్ట్ గేర్లో పడేసి వెళ్లిపోయేవాణ్ణి, కదిలేది కాదు. దీన్ని అలా గేర్లో ఉంచి ఆపడం ఎలాగో తెలియడం లేదు. వాచ్‌మన్ రోజూ చక్రం కింద ఇటుక పెడుతున్నాడు, పరువు పోతోంది.

ఘాట్_రోడ్:
గేర్లో ఉంచి ఆపలేరండి, ఆ బండిలో అది కుదరదు. మామూలు బైక్‌లో క్లచ్‌ని స్ప్రింగులు ఎప్పుడూ బిగించే ఉంచుతాయి, మీరు లివర్ నొక్కితేనే వదులుతుంది, అందుకే ఇంజన్ ఆపాక కూడా గేరు చక్రాన్ని పట్టుకుంటుంది. డీసీటీలో తిరగేసి. ఉన్న రెండు క్లచ్‌లూ (ఒకటి 1, 3, 5 గేర్లకి, రెండోది 2, 4, 6కి) ఆయిల్ ప్రెషర్ ఉంటేనే పట్టుకుంటాయి. ఇంజన్ ఆగితే ప్రెషర్ పోతుంది, రెండూ వదిలేస్తాయి, ఇక లోపల ఏ గేరున్నా చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. మీకు వినిపించే టక్కు అది న్యూట్రల్‌కి వస్తున్న చప్పుడు, భయం లేదు.

ఈ లోటుకే కంపెనీ పార్కింగ్ బ్రేక్ ఇచ్చింది. ఎడమ హ్యాండిల్ దగ్గర, క్లచ్ ఉండాల్సిన చోట ఒక లివర్ ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని క్లచ్ అనుకుని లాగబోతారు. వెనక చక్రానికి దానికంటూ వేరే క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని పట్టే భాగం) ఉంది. అది లాగి లాక్ చేయండి. వాలులో ఎప్పుడూ ముందు చక్రం ఎత్తు వైపు ఉండేలా పెట్టండి. సైడ్ స్టాండ్ వెనక్కి ముడుచుకుంటుంది కదా, బండి ముందుకి జారితే స్టాండ్ ముడుచుకుని బండి పడుతుంది, వెనక్కి జారితే ఇంకా గట్టిగా నిలుస్తుంది. 240 కేజీల పైన ఉన్న బండి, ఒక్కసారి ఒరిగితే ఒంటరిగా ఆపలేరు.

సాయంత్రం_రైడ్:
ఎన్ నొక్కే పనేముంది బ్రో, ఎలాగూ దానంతటదే న్యూట్రల్‌కి వస్తుంది కదా. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట) కొట్టి దిగిపోవడమే. నేనెప్పుడూ ఎన్ ముట్టుకోలేదు.

పాత_మెకానిక్:
గేర్‌బాక్స్ సంగతి వరకు నువ్వన్నది నిజమే తమ్ముడూ, దానికేం కాదు. కానీ కిల్ స్విచ్ కొట్టి తాళం ఆన్‌లోనే వదిలేస్తే లైట్లు వెలుగుతూనే ఉంటాయి, పొద్దునకి బ్యాటరీ అయిపోతుంది. అదీ కాక నేను చెప్పేది గేర్‌బాక్స్ గురించి కాదు, మనిషి గురించి. ఈ బండి డి లో ఐడిల్‌లో ఉన్నప్పుడు ముందుకు పాకదు, న్యూట్రల్‌లో ఉన్నట్టే నిశ్శబ్దంగా నిలబడుతుంది, అక్కడే వస్తుంది తంటా. గేటు తీయడానికి స్టాండ్ వేయకుండా బండి పట్టుకునే దిగుతావు, జాకెట్ చెయ్యి యాక్సిలరేటర్‌కి తగులుతుంది, లేదా పిల్లాడు వచ్చి తిప్పుతాడు, బండి ఉరుకుతుంది. మామూలు బైక్ అయితే చెయ్యి క్లచ్ మీదకి పోయేది, ఇక్కడ నొక్కడానికి క్లచ్చే లేదు. స్కూటర్లతో గోడకి గుద్దేసేది ఇలాగే, ఇంజన్ ఆన్‌లో పెట్టి పక్కన నిలబడి తోస్తారు. గేర్ల బండైనా ఇదైనా, ఇంజన్ నడుస్తుంటే ఎన్ పెట్టకుండా సీటు దిగకూడదు. సిగ్నల్ దగ్గర ఫోన్ చూడాలన్నా ముందు ఎన్ నొక్కు, నీకేం ఖర్చు?

దిగుడులో పెట్రోల్ మిగులుతుందని ఇంజన్ ఆపి దొర్లించేవాళ్లు కూడా ఉన్నారు, అది చేయొద్దు. ఇంజన్ బ్రేకింగ్ (ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచడం) ఉండదు, తాళం తీస్తే ఏబీఎస్ కూడా పనిచేయదు.

కొత్త_డీసీటీ:
థాంక్స్ అందరికీ. ఆ లివర్ ఏదో స్పేర్ అనుకున్నాను! ఇప్పుడే లాగి చూశా, డాష్ మీద లైటు వెలిగింది గానీ ర్యాంప్ మీద కొంచెం జారుతోంది. ఇంకా గట్టిగా లాగాలా?

పాత_మెకానిక్:
గట్టిగా లాగకు, కేబుల్ సాగి ఉంటుంది. లివర్ చాలా దూరం వస్తోందంటే అడ్జస్ట్ చేయించాలి, ప్యాడ్లు కూడా చూపించు. ముందు ఓనర్ బ్రేక్ వేసి మరిచి నడిపాడేమో, అరిగి ఉండొచ్చు. అప్పటిదాకా ఇటుక తీయకు.