అర్థం తెలియని శ్లోకాన్ని పిల్లవాడి చేత వల్లె వేయించవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సాయంత్రం దీపం పెట్టాక మా అత్తగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని విష్ణు సహస్రనామం చెప్పించేవారు. ఆవిడ పోయాక ఆ పని నా మీద పడింది. ముప్పై శ్లోకాల వరకు తడుముకోకుండా అప్పజెబుతాడు. మొన్న మాత్రం మొదటి శ్లోకంలోనే, 'భూతకృద్భూతభృద్భావో' దగ్గర ఆగి, "అమ్మా, భూతం అంటే దయ్యమే కదా, దేవుణ్ణి అలా ఎందుకంటారు?" అని అడిగాడు. నాకు తెలియక, దేవుడి విషయాల్లో అలాంటి ప్రశ్నలు వేయకూడదని కసిరాను. అప్పటి నుంచి చదువుతున్నాడు గానీ గొంతులో మునుపటి హుషారు లేదు. అర్థం తెలిసే వయసు వచ్చేదాకా ఆపేయడం మంచిదా, ఇలాగే కొనసాగించాలా?

సమాధానం 1:
ఆపకండమ్మా. నేను చిన్నతనంలో వేద పాఠశాలలో సంథ చెప్పుకున్నవాణ్ణి. గురువుగారు పనసలో, అంటే వేదంలోని ఒక చిన్న భాగంలో, ఒక్కొక్క ముక్క పలికితే మేము వెంట పలికేవాళ్లం. అర్థం అడిగితే, "ముందు నోటికి రానీరా" అనేవారు. నిన్న కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఇవాళ గుర్తుండదు గానీ, ఆనాటి పనస స్వరంతో సహా నేటికీ తప్పిపోలేదు. అయితే 'ముందు' అన్న మాటకు 'తరువాత' అనేది ఒకటి ఉండాలి కదా. వేదం చదివి అర్థం ఎరుగనివాడు బరువు మోసే స్తంభం వంటివాడని వేదంలోని మాటలకు అర్థం వివరించే ప్రాచీన గ్రంథం, యాస్కుని నిరుక్తమే చెబుతుంది.

సమాధానం 2:
తొమ్మిదేళ్లవాడికి సహస్రనామం బరువేనని నా అభిప్రాయం. వేమన పద్యాలు, సుమతీ శతకం అయితే భాష మనదే కనుక ఇంత చిక్కు రాదు.

సమాధానం 3:
పద్యాలు కూడా నేర్పవలసినవే, కానీ ఈ పిల్లవాడు అడిగిన ప్రశ్నను వదిలేసి పుస్తకం మారిస్తే రేపు అక్కడా ఇదే ఎదురవుతుంది. నేను బడిలో తెలుగు చెబుతాను కనుక ఆ మాట వరకు వివరిస్తాను. ఆ శ్లోకంలోని 9 నామాల్లో 5 నామాల్లో 'భూత' శబ్దం ఉంది. 'భూ' ధాతువుకు ఉండటం, కావడం అని అర్థం. అందువల్ల జరిగిపోయినదీ భూతమే, పుట్టి ఉన్న ప్రాణీ భూతమే. 'భూతభవ్యభవత్ప్రభుః' అన్నచోట అది గడిచిన కాలం, 'భూతకృత్' అన్నచోట ప్రాణికోటి. మీవాడు వ్యాకరణంలో భూతకాలం చదివే ఉంటాడు, భూతదయ అన్న మాట కూడా ఎక్కడో విని ఉంటాడు. తెలిసిన ఆ రెండు మాటలనూ పక్కన పెట్టి చూపితే దయ్యం దానంతట అదే పోతుంది. రోజుకు ఒక్క నామం చాలు, అంతకు మించితే పాఠమైపోతుంది.

ఇంకొక మాట, ఏమీ అనుకోకండి. ప్రశ్నలు వేయకూడదన్నారు గానీ, ఆ స్తోత్రం మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు అడిగిన 6 ప్రశ్నలకు భీష్ముడు ఇచ్చిన జవాబు. ఆయన అడగకపోతే మనకు సహస్రనామమే లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం, ఆ రోజు నాకు తెలియక కసిరానని వాడితో ఒప్పుకున్నాను. తరువాత పలక మీద 'భూతకాలం', 'భూతదయ', 'భూతకృత్' అని ఒకదాని కింద ఒకటి రాసి, మూడింట్లోనూ 'భూత' కింద గీత గీయమన్నాను. గీశాడు. కాసేపు చూసి, "మరి భూతద్దంలో ఉన్న భూతం ఏదమ్మా?" అన్నాడు. నాకు తెలియదని ఈసారి వెంటనే చెప్పేశాను. అత్తగారి పెట్టెలోంచి పాత నిఘంటువు తీసి ఇద్దరం వెతుకుతున్నాం. మాస్టారూ, మీకు తెలిస్తే చెప్పగలరు.