సోనీ ఏ6400కి చిన్న టెలీ జూమ్: 55-210 అమ్మేసి ఏది తీసుకోవాలి?

చెరువుగట్టు:
సోనీ ఏ6400 కెమెరా బాడీ, కిట్టులో వచ్చిన 55-210 మి.మీ. టెలీ జూమ్ (దూరాన్ని దగ్గరగా చూపే లెన్సు) ఉన్నాయి. పిట్టల ఫొటోల కోసం వారాంతాల్లో అమీన్‌పూర్ చెరువు, చలికాలంలో ఉప్పలపాడు, కొల్లేరు వైపు అటపాక. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఫర్లేదు, ఫ్రేము నిండుతున్నాయి. లకుముకి పిట్ట, పాలపిట్ట దగ్గరే చిక్కు. క్రాప్ చేస్తే ఈకలన్నీ ముద్దయిపోతున్నాయి. ట్రైపాడ్ మొయ్యను. లెన్సు 700 గ్రాములు దాటకూడదు. చూస్తున్నవి మూడు: ట్యామ్రాన్ 70-300 (ధర తక్కువ), సోనీ 70-350 జి, ట్యామ్రాన్ 18-300. వీటిలో ఏది? సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

రెండోకన్ను:
మీ బాడీని బట్టే సగం తేలిపోతుందండీ. ఏ6400లో సెన్సర్ స్టెబిలైజేషన్ (చేతి వణుకుకి సెన్సరే కదిలి సర్దుకోవడం) లేదు. ట్యామ్రాన్ 70-300లో వీసీ (లెన్సులోనే ఉండే స్టెబిలైజేషన్‌కి ట్యామ్రాన్ పెట్టిన పేరు) లేదు. రెండూ కలిస్తే చేతి వణుకును ఆపేది ఏదీ ఉండదు. లెక్క చూడండి: 300 మి.మీ. దగ్గర చెయ్యి డిగ్రీలో అరవయ్యో వంతు కదిలితే చాలు, సెన్సర్ మీద బొమ్మ దాదాపు 22 పిక్సెళ్లు జరుగుతుంది. షట్టర్ పెంచి ఫొటోని కాపాడుకోవచ్చు గానీ, వ్యూఫైండర్లో పిట్ట గంతులేస్తుంటే ఫోకస్ పాయింటుని కంటి మీద నిలపడమే కష్టం.

70-350లో ఓఎస్‌ఎస్ (సోనీ లెన్సు స్టెబిలైజేషన్) ఉంది, బరువు 625 గ్రాములు. మీ 55-210 345 గ్రాములే కాబట్టి మొదట్లో బరువుగానే అనిపిస్తుంది. ఓఎస్‌ఎస్ మీట లెన్సు మీద ఉండదు, కెమెరా మెనూలో స్టెడీషాట్ అన్న పేరు దగ్గర చూసుకోవాలి.

ఇక రీచ్, అంటే దూరంలోని పిట్ట ఎంత పెద్దగా వస్తుందన్నది. 20 మీటర్ల దూరంలో 16 సెంటీమీటర్ల చిన్న లకుముకి 210 దగ్గర సుమారు 430 పిక్సెళ్లు వస్తుంది, 300కి 610, 350కి 715. అంటే 300కీ 350కీ తేడా ఉంది గానీ, దాని కోసం అప్పు చెయ్యాల్సినంత కాదు. 210 నుంచి పైకి వెళ్లడమే అసలు మార్పు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి. మీ 55-210తో సహా అన్ని లెన్సులూ చివర్లో ఎఫ్/6.3యే (మి.మీ.ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) కదా, వెలుతురులో తేడా ఏముంటుంది అనుకుంటారు. 210ని 6.3తో భాగిస్తే 33 మి.మీ. రంధ్రం, 350ని భాగిస్తే 56 మి.మీ. ఒకే చోట నిలబడి తీస్తే ఆ పిట్ట నుంచి వచ్చే వెలుతురు 350లోకి 2.8 రెట్లు ఎక్కువ చేరుతుంది. మీ క్రాపులు ముద్దగా ఉండటానికి పిక్సెళ్లు చాలకపోవడం ఒక్కటే కాదు, నాయిజ్ (వెలుతురు చాలక వచ్చే గరుకు చుక్కలు) కూడా కారణమే.

ఎగిరేకొంగ:
@రెండోకన్ను ట్యామ్రాన్ 70-300ని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఎగిరే పక్షికి షట్టర్ 1/1600, 1/2000 సెకను పెడతాం. అక్కడ స్టెబిలైజేషన్ ఉన్నా లేకున్నా ఫొటోలో తేడా రాదు. పిట్ట రెక్క కదలికను ఓఎస్‌ఎస్ ఆపదు కదా! ట్యామ్రాన్ 545 గ్రాములు, చివరి దాకా పదునుగానే ఇస్తుంది. రేపు ఫుల్ ఫ్రేముకి (పెద్ద సెన్సర్ కెమెరాకి) మారినా పనికొస్తుంది, 70-350 మాత్రం ఏపీఎస్-సి (మీ ఏ6400లో ఉన్న చిన్న సెన్సర్) లెన్సు.

అయితే ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. నిండు ఎండలో ఎఫ్/6.3, 1/2000కి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచేకొద్దీ నాయిజ్) 320 చాలు. తెల్లారగట్ల మంచులో వెలుతురు నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి సగం చొప్పున) తగ్గిందనుకోండి, అదే షట్టరుకి ఐఎస్ఓ 5000 కావాలి. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టకైతే ఓఎస్‌ఎస్ ఉన్న లెన్సుతో 1/250కి దిగి, వరసగా ఆరేడు తీసి మంచిది ఉంచుకోవచ్చు. ఐఎస్ఓ 640 దగ్గరికి వచ్చేస్తుంది. ట్యామ్రాన్ 70-300తో ఆ వెసులుబాటు లేదు. లకుముకి, పాలపిట్ట రెండూ కూర్చునే పిట్టలే కాబట్టి మీకు నేనూ 70-350యే చెప్తాను. నా అభ్యంతరం కారణం మీదే, జవాబు మీద కాదు 🙂

18-300 వద్దు. బరువు 620, దాదాపు 70-350 అంతే. ఊళ్లు తిరిగేటప్పుడు ఒకే లెన్సు చాలనుకునే వాళ్లకి అది, పిట్టలకి కాదు.

పాతబోణీ:
70-350 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. తీసుకునే ముందు ఇవి చెయ్యండి.

ముందు క్యాపులు రెండూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు నాలుగైదు ఉంటే పట్టించుకోకండి. సాలెగూడు పోగుల్లా పాకి ఉంటే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. కోస్తా ఊళ్లలో వాడినవైతే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

తర్వాత పేపరు పరీక్ష. దినపత్రిక పూర్తిగా విప్పి గోడకి అంటించండి. 350 దగ్గర 8 మీటర్ల నుంచి ఫ్రేము వెడల్పు 54 సెంటీమీటర్లు, అక్షరాలు మూలల దాకా నిండుతాయి. కెమెరాని బల్ల మీద పెట్టి, స్టెడీషాట్ ఆపేసి, ఎఫ్/6.3, రెండు సెకన్ల టైమర్‌తో తియ్యండి. ఒక మూల మసకగా ఉంటే వెంటనే లెన్సుని తప్పుపట్టకండి, కెమెరా గోడకి వంకరగా ఉండొచ్చు. కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తియ్యండి. మసక ఫొటోలో అదే మూలలో ఉంటే లెన్సులో గాజు పక్కకి జరిగినట్టు. పేపరు మీద అదే చోట ఉంటే మీరు నిలబెట్టడంలో తేడా.

చివరగా స్టెడీషాట్ ఆన్ చేసి, చేత్తో పట్టుకుని 1/60కి పది ఫొటోలు, ఆఫ్ చేసి పది తియ్యండి. రెండు కట్టల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనపడాలి. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు లెన్సు ఊపితే లోపల కాస్త టకటకమంటే భయపడొద్దు, స్టెబిలైజేషన్ ఉన్న లెన్సుల్లో అది మామూలే.

కొన్నాక తోలు సంచిలో, గుడ్డ సంచిలో నెలల తరబడి పెట్టకండి, తేమ పడుతుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి.

చెరువుగట్టు:
అందరికీ థ్యాంక్సండీ, 70-350కే ఫిక్స్. ఇంకో రెండు అనుమానాలు. ఏ6400లో యానిమల్ ఐ ఏఎఫ్ (జంతువు కంటిని వెతికి ఫోకస్ చేసేది) ఉంది కదా, పిట్టలకి పనిచేస్తుందా? పొద్దున 10 దాటాక నీళ్ల మీదుగా తీసినవి ఒక్కటీ పదునుగా రావట్లేదు, అది 55-210 లోపమేనా?

రెండోకన్ను:
మొదటిదానికి, లేదు. ఆ ఐ ఏఎఫ్ కుక్కలూ పిల్లులూ లాంటి జంతువులకి. పిట్టలకి ఏఎఫ్-సి (ఆగకుండా ఫోకస్ సరిచేస్తూ ఉండేది) పెట్టి, ట్రాకింగ్‌లో చిన్న ఫ్లెక్సిబుల్ స్పాట్ (మనకి కావాల్సిన చోట పెట్టుకునే చిన్న ఫోకస్ గడి) వాడండి. ఎగిరేవాటికి జోన్ (అంతకన్నా పెద్ద ఫోకస్ ప్రాంతం).

రెండోది లెన్సు లోపం కాకపోవచ్చు. ఎండకి గట్టు మీద గాలి మరిగి బొమ్మను అలల్లా కదిలిస్తుంది. ఒకే పిట్టని పది ఫ్రేములు బరస్ట్‌లో (ఆగకుండా వరసగా) తీసి పక్కపక్కన చూడండి. అంచులు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంగి ఉంటే అది గాలి. పదీ ఒకేలా మెత్తగా ఉంటే ఫోకసో లెన్సో. గాలే అయితే 350తో అదీ పెద్దగానే కనపడుతుంది, స్టెబిలైజేషన్ ఏమీ చెయ్యలేదు. 9 లోపు ముగించుకోండి, లేదా దగ్గరికి వెళ్లండి. 350తో 20 మీటర్ల నుంచి తీసిందీ, 210తో 12 మీటర్ల నుంచి తీసిందీ ఫ్రేములో ఒకే సైజు.

ఎగిరేకొంగ:
కారులోంచి తీస్తే బానెట్ మీదుగా మాత్రం తియ్యకండి, ఇంజన్ వేడికి చలికాలంలోనూ అదే జరుగుతుంది. పక్క అద్దం దించి, ఏసీ ఆపి పది నిమిషాలు ఆగాక మొదలుపెట్టండి.